మా పెళ్లికి అణుశక్తి అభ్యంతరం

ఆ రోజుల్లో పెళ్లి కుదిరిన అమ్మాయి ఫోన్‌కి మధ్యాహ్నం దాటితే ఛార్జింగ్ ఉండేది కాదు. ఏలూరులో నేను తెలుగు పాఠాలు చెప్పే స్కూల్లో ఇంకో ఇద్దరు టీచర్లకి నాతోపాటే సంబంధాలు కుదిరాయి. భోజనాల బెల్లు కొట్టగానే వాళ్లు బాక్సు మూత కూడా తీయకుండా ఫోన్ చెవికి పెట్టుకుని గోడవైపు తిరిగిపోయేవారు. నేను ఆ ఇద్దరి బాక్సుల్లో కూరలూ రుచి చూస్తూ, ఇంత తీరికైన పెళ్లికూతురు ఈ జిల్లాలో ఇంకొకతి ఉండదని అనుకునేదాన్ని. నాకు కుదిరిన అబ్బాయి నేవీలో సెయిలర్. మండవల్లి దగ్గర చేపల చెరువులున్న కుటుంబం. ప్రధానం (మా క్రైస్తవుల ఇళ్లలో నిశ్చితార్థాన్ని అలాగే అంటాం) అయిన కొద్దిరోజులకే ఆయన్ని అణుశక్తితో నడిచే సబ్‌మెరైన్ల ట్రైనింగుకి ఎంపిక చేశారు. ఆ కబురు చెప్పేటప్పుడు ఆయన గొంతులో సంబరం పొంగిపోయింది. తర్వాత మాట మెల్లగా అయిపోయింది.

"చూడు, ఇకనుంచి రోజంతా క్లాసులే. ఫోన్ బయట పెట్టి లోపలికెళ్లాలి. పుస్తకాలు అక్కడే వదిలేసి రావాలి. ఏం చదివారని నువ్వు అడక్కూడదు. అడిగినా నేను చెప్పకూడదు. ఆదివారం ఫోన్ చేస్తాను. మధ్యలో నిద్రపోతే తిట్టుకోకు."

"మరి ఇంట్లోవాళ్లు అడిగితే ఏం చెప్పమంటారు?"

"చదువుతున్నాడని చెప్పు. అది అబద్ధం కాదుగా."

ఆయన నిజాయతీపరుడు. ఆదివారం ఫోన్ చేశారు, నిజంగానే నిద్రపోయారు. నేను స్కూల్ వార్షికోత్సవం గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే అవతల సన్నగా గురక మొదలైంది. నాకు కోపం రాలేదు. (నేను మాట్లాడుతుంటే నిద్రపోయిన మొదటి మనిషి ఆయన కాదు. తొమ్మిదో తరగతి వెనక బెంచీ మొత్తం ఆ పనిలోనే ఉండేది.) ఆ గురక కాసేపు విని, "పడుకోండి, పాపం" అని ఫోన్ పెట్టేశాను.

అసలు చిక్కు మా మేనత్తతో వచ్చింది. మా నాన్నకి అక్క, తాడేపల్లిగూడెంలో మా వీధిలోనే ఇల్లు, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మైకు పాడైన ఆదివారాల్లో కూడా ఆవిడ ప్రార్థన ఆఖరి వరసదాకా వినిపించేది కాబట్టి పిల్లలందరం మైకత్తయ్య అని పిలుచుకునేవాళ్లం (మనసులోనే లెండి). మా నాన్న హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఊళ్లో సగంమందిని బెంచీ ఎక్కించినాయన, అక్కగారు గడపలోకి రాగానే తనే చేతులు కట్టుకుని నిలబడేవారు.

"అణువంటే బాంబేగదరా తమ్ముడూ! ఆ గాలి తగిలితే జుట్టు ఊడిపోద్ది. పిల్లలు పుట్టరు. తెలిసి తెలిసి పిల్లని దాంట్లోకి తోస్తావా?" అంది మైకత్తయ్య.

నేను ఊరుకోలేదు. స్కూల్లో సైన్సు టీచరు దగ్గర పాఠం చెప్పించుకుని, రైల్లో గూడెం వచ్చేదాకా వల్లెవేసుకుని, సాయంత్రం ఆవిడ ముందు ఒప్పజెప్పాను. "ఆ వేడికి నీళ్లు మరుగుతాయి అత్తయ్యా. ఆవిరి వస్తుంది. ఆ ఆవిరితో ఓడ నడుస్తుంది. అంతే."

"నీళ్లు కాచుకోడానికి అంత దాపరికం ఎందుకే? మనమూ రోజూ కాస్తన్నాం. ఎవరికన్నా దాచామా?"



ఈలోగా మండవల్లిలో ఇంకోటి జరిగింది. ఇలాంటి ట్రైనింగుకి తీసుకున్నప్పుడు అబ్బాయి ఎలాంటివాడని ఊళ్లో విచారిస్తారట. పోలీసులొచ్చి ఇరుగుపొరుగుని నాలుగు మాటలడిగి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆ కబురు చేపల లారీ కంటే ముందు ఆకివీడు చేరింది. అక్కడ "పోలీసులు వాకబు చేశారు" అన్నది "పోలీసులు వెతుకుతున్నారు"గా మారి, మా గూడెం వచ్చేసరికి "దొరకలేదంట" అయింది. అది చాలదన్నట్టు ఆయనకి ఒక పరీక్ష పోయింది. మళ్లీ రాయాలి, సెలవు లేదు, పెళ్లి వెనక్కి జరపాలి. మైకత్తయ్య మా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని, "చూశావా మరి?" అంది. నాన్న నావైపు చూడకుండా, "కొన్నాళ్లు ఆగి వేరే..." అని నసిగారు.

"ఆగుదాం నాన్నా. ఆయన కోసం ఆగుదాం. వేరే ఎవరి కోసమో కాదు" అన్నాను.

అని ఊరుకోకుండా, మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి ఏలూరులో కైకలూరు బస్సెక్కి మండవల్లి వెళ్లిపోయాను. పెళ్లికాకుండా అత్తారింటికి వెళ్లడమేమిటని అమ్మ ఫోన్లో నెత్తి కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు వినిపించింది కూడా. మా అత్తగారు చెరువు గట్టుమీద చీర ఎగదోపుకుని చేపలకి మేత వేయిస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"మావోడి గురించా తల్లీ? మేం ఒకసారి ఆడి ట్రైనింగు కాడికెళ్తే ఆపీసరుగారు ఇంటోళ్లందర్నీ కూకోబెట్టి సెప్పారు. అబ్బాయి నీరసంగా ఉంటాడు, ఇసుక్కుంటాడు, పరీచ్చ పోతే మళ్లీ రాత్తాడు, సెలవు అనుకున్నప్పుడు రాదు, మీరు గాబరాపడి ఆడిని గాబరా పెట్టకండి అన్నారు. అన్నీ అలాగే జరుగుతున్నాయి. ఇంక బయమెందుకు?"

"మరి ఊళ్లో అంటున్నవి?"

"ఆడు సిన్నప్పుడు సెరువులో మునిగితే ఎప్పుడు తేలతాడో సెప్పేవోడు కాదు. ఊరంతా గోల పెట్టేది. నేను మాత్రం తువ్వాలు పట్టుకుని గట్టుమీద కూకునేదాన్ని" అని, నా చేతిలో ఇంత మేత పెట్టి, "ఎయ్యి" అన్నారు. వేశాను. అడుగునున్న చేపలన్నీ పైకి తేలి నీళ్లు ఒక్కసారి కుతకుతలాడాయి. నాకు ధైర్యం వచ్చింది.

కొత్త తేదీ పెట్టుకున్నాక మా చర్చిలో పెళ్లి ప్రకటనలు మొదలయ్యాయి. వరసగా మూడు ఆదివారాలు చదివి, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది, ఒకరు దగ్గుతారు, పాస్టరు అయ్యగారు కాగితం మడుస్తారు. మూడో ఆదివారం ఆయన మడవబోతుండగా మైకత్తయ్య లేచింది.

"ఉందండి, అయ్యగారండి."

పాస్టరుగారు కళ్లజోడు తీశారు. "చెప్పండమ్మా."

"పెళ్లికొడుకు ఏం చేత్తన్నాడో ఎవరికీ తెలవదండి. పోలీసులొచ్చారండి. పెళ్లి ఓసారి వాయిదా పడిందండి. పైగా అణువండి."

"అబ్బాయికి ముందే పెళ్లయిందామ్మా?"

"లేదండి."

"వయసు చాలదా? దగ్గర రక్తసంబంధమా?"

"అబ్బే, కాదండి."

"మరి అణువు గురించి మన నియమాల్లో ఏమీ లేదమ్మా."

"లేకపోతే రాయించండి అయ్యగారండి. అవి పాతకాలంవి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పక్కనుంచి అమ్మ తొడమీద గిల్లుతున్నా లేచి నిలబడ్డాను. "నాకేం అభ్యంతరం లేదండి, అయ్యగారండి."

"నిన్ను అడగలేదమ్మా" అన్నారాయన మెత్తగా.

"అడగరనే లేచానండి. ఇక్కడున్న అందర్నీ అడిగారు, నన్ను తప్ప. ఆయన ఏం చదువుతున్నారో నాకూ తెలీదు. ఎందుకు చెప్పరో తెలుసు. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయే మనిషి మోసగాడెలా అవుతాడండి? మోసం చేసేవాళ్లు మెలకువగా ఉంటారు."

"పిల్లలు పుట్టరే పిచ్చిదానా!" అంది మైకత్తయ్య. (పుట్టారు. ఇద్దరు. ఇద్దరికీ ఆవిడ గొంతే వచ్చింది.)

"పుట్టకపోతే మేమిద్దరం ఉంటాం. చాలదా?"

అప్పుడు మగవాళ్ల వైపు బెంచీ కిర్రుమంది. నాన్న లేచారు. చేతులు కట్టుకోలేదు. ముందు బెంచీ పట్టుకుని, "అక్కయ్యా, కూర్చో" అన్నారు.  "పిల్ల చెప్పింది. నేనూ అదే చెబుతున్నా. కూర్చో."

ఆవిడ కూర్చుంది. నాన్న మాటకి లొంగి కాదు, ఆశ్చర్యంతో. అయ్యగారు కాగితం మడిచి గబగబా పాట అందుకున్నారు. నేను అంత గట్టిగా పాడడం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. శ్రుతి సంగతి ఎవరూ అడక్కండి.

ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే మొత్తం చెప్పాను. అవతల చప్పుడు లేదు. "నిద్రపోయారా?" అన్నాను.

"లేదు. పరీక్ష పాసయ్యానని చెబుదామని చేశాను. ఇప్పుడు అదేం పెద్ద విషయంలా అనిపించడం లేదు" అన్నారు.

పెళ్లయింది. విందులో మైకత్తయ్య ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తల మీద జుట్టంతా ఒకసారి పరీక్షగా చూసి, "ఇప్పుడన్నా చెప్పండి బాబూ, లోపల ఏం నేర్పారు?" అని గుసగుసగా అడిగింది (అంటే పందిరి మొత్తానికీ వినిపించేలా). ఆయన చేతులు జోడించి, "చెప్పకూడదండీ" అన్నారు. ఆవిడ మర్నాటినుంచి గూడెంలో కనబడ్డవాళ్లందరికీ, "మా అల్లుడిది ఎంత పెద్ద ఉద్యోగమంటే, నాక్కూడా చెప్పడండి!" అని చెప్పుకోవడం మొదలెట్టింది.

ఇప్పుడు కొత్తగా ఈ ట్రైనింగుకి వెళ్లిన కుర్రాళ్ల ఇళ్లనుంచి అమ్మాయిలు నాకు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, ఆదివారం కూడా ఫోన్ రాలేదు", "అక్కా, అత్తయ్యగారు ఏదేదో అంటున్నారు" అని. అలసట వస్తుంది, విసుగు వస్తుంది, మనిషి కూడా వస్తాడు, కంగారుపడకండమ్మా అంటాను. ఇంత ధైర్యం చెప్పే నేను, కూరలబ్బాయి పుచ్చు వంకాయలు తూస్తే నోరెత్తను. స్టాఫ్ మీటింగులో పీరియడ్లన్నీ నాకే వేసినా తలూపి వచ్చేస్తాను. నిండు చర్చిలో నిలబడి అయ్యగారికే ఎదురు చెప్పిన ఆ పిల్ల ఎటుపోయిందో తెలీదు. ఈమధ్య సెలవులో ఆయన ఇంట్లో ఉంటే ఇదే అన్నాను. ఆయన పేపరు దించి, "ఎటూ పోలేదులే, నాకు రోజూ కనబడుతూనే ఉంటుంది" అన్నారు. పొగిడారో, ఫిర్యాదు చేశారో అర్థంకాలేదు. ఏదైతేనేం, ఆ పూటంతా వంటింట్లో నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను.