అక్క నవ్విన ఫొటోలు

పేటలో ఆయన్ని అందరూ 'కదలకండి గారు' అంటారు. పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్న ప్రతివాడికీ ఏళ్ల తరబడి ఆ ముక్కే చెబుతున్నాడు మరి. స్టూడియో అగ్గిపెట్టంత. ఆ పొద్దున అందులో స్టూలు మీద కూర్చున్నది వాళ్లక్క. మధ్యాహ్నం ఆవిడకి ఆపరేషన్. జబ్బు ముదిరింది, ఎడమ దవడ సగం తీసేయాలి. ఇక మునుపటిలా నవ్వడం కుదరదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆ నవ్వుకి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. పన్ను మీద పన్ను ఉందని అక్కకి చచ్చేంత సిగ్గు. ఎవరు ఫోనెత్తినా నోటికి చెయ్యి అడ్డం పెట్టేస్తుంది. ఒక్క నాన్న దగ్గరే పెట్టేది కాదు, ఆయన తీసినవేమో ఏనాడో చెదపట్టి పోయాయి. అందుకే, "నాన్న లెన్సుతో తియ్యరా, అయితే నవ్వుతా" అంది.

సరేనని ఆ పాత లెన్సుని కొత్త కెమెరాకి తగిలించాడు. తగిలించాడు గానీ, ఆ రెండింటికీ మాటల్లేవు. కొత్త లెన్సయితే వెలుతురు వచ్చే కన్నాన్ని ఎంత తెరవాలో, ఎంత మూయాలో కెమెరాయే చూసుకుంటుంది. పాతదానికి చేత్తో రింగు తిప్పాలి. పూర్తిగా తెరిచి మొహం స్పష్టంగా కుదుర్చుకోవాలి, మళ్లీ మూసి అప్పుడు నొక్కాలి. కెమెరా చెప్పే వెలుతురు కొలతనీ నమ్మడానికి లేదు, రింగు మూసేకొద్దీ అబద్ధాలు పెరుగుతాయి. అందుకని నాలుగు ఫొటోలు ఊరికే తీసి, వెనక తెర మీద చూసుకుని, రింగు మూసినప్పుడు వచ్చే వెలుతురుకి లెక్క తనే కట్టి కెమెరాలో బిగించేశాడు. పని తెలిసినవాడే, పాపం.

"మాటిమాటికీ ఆ వెనకేం చూస్తావురా? నాన్న ఎప్పుడైనా అలా చూశాడా? నన్ను చూడు" అని కసిరింది అక్క.

తెర ఆపేశాడు. "కదలకండి" అన్నాడు అలవాటు కొద్దీ. సొంత తమ్ముడు 'అండి' అనేసరికి ఆవిడకి నవ్వాగలేదు. భుజాలు ఊగిపోయేలా నవ్వింది. ఆయన గబుక్కున రింగు తెరిచి, మొహం కుదుర్చుకుని నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. ఆ సంబరంలో రింగు మూయడం మరిచిపోయాడు.

బావ వచ్చి అక్కని ఆసుపత్రికి తీసుకెళ్లాక కంప్యూటర్లో చూసుకున్నాడు. అక్క బిగుసుకుని కూర్చున్నవన్నీ చక్కగా ఉన్నాయి. నవ్వినవన్నీ సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. ఫొటో చీకటిగా వస్తే కాస్తో కూస్తో పైకి లాగొచ్చు. వెలుతురు ఎక్కువై మాడిపోయినదాంట్లో లాగడానికి ఏమీ మిగలదు. ఆ సంగతి తెలిసీ అన్ని మీటలూ నొక్కి చూశాడు. ఏడుపొచ్చింది.

కెమెరా మెడలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. అప్పటికే అక్కని చక్రాల మంచం మీద ఆపరేషన్ గదివైపు తోసుకెళ్తున్నారు. ఆవిడ తమ్ముణ్ణి చూసింది, మెడలో కెమెరాని చూసింది. మొహం వాడిపోయింది.

"ఏరా, సరిగ్గా రాలేదా?"

ఆయన మొహం మీదికి నవ్వు తెచ్చుకున్నాడు. "భలే వచ్చాయక్కా. హడావిడిలో దీన్ని మెడలోంచి తియ్యడం మరిచిపోయా."

"నా బంగారం" అని నవ్వింది అక్క. నర్సులు చూస్తున్నా దాచుకోకుండా, నిండుగా నవ్వింది.

కెమెరా ఎత్తితే అబద్ధం బయటపడుతుంది. ఆ నవ్వూ అక్కడే ఆగిపోతుంది. రెండు చేతులతో కెమెరాని పొట్టకి అదుముకుని నిలబడిపోయాడు. తలుపులు మూసుకునేదాకా అక్క ఆయన్నే చూస్తూ నవ్వుతూనే ఉంది.