గ్రూపులో లేని తండ్రి

అల్మాస్‌గూడలో మా వీధి చివరి రేకుల ఇంట్లో ఉండే దశరథ ఆటో నడుపుతాడు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన మనిషి, నోట్లో నాలుక లేనివాడు. సంతోషి అతనికి ఒక్కతే కూతురు. బడిలో చేరిన కొన్నాళ్లకే ఆ పిల్లకు రక్త క్యాన్సర్ వచ్చింది.

దవాఖానలో ఒక పరిశోధన జరుగుతోందన్నారు. సగం మంది పిల్లలకు పాత మందుతో పాటు కొత్త మందు కూడా ఇచ్చి చూస్తారట, ఎవరికి ఏది రావాలో కంప్యూటరే తేలుస్తుందట. ఇష్టమైతేనే చేరమన్నారు. భార్య అండాలమ్మ వద్దంది. మన పిల్ల మీదనే చూడాల్నా అని అడిగింది. దశరథ సంతకం పెట్టాడు. కొత్తదంటే మంచిదే అయి ఉంటుందనుకున్నాడు. కొత్త రోడ్డు, కొత్త మెట్రో అని ఊదరగొట్టే ఊళ్లో ఇంకెలా అనుకుంటాడు? సంతోషికి కొత్త మందే వచ్చింది. జబ్బు తగ్గుముఖం పట్టిందన్నారో లేదో, జ్వరం వచ్చి ఆ జ్వరంతోనే పోయింది.

అప్పటి నుంచి అండాలమ్మ మొగుణ్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. అతనికి అన్నం వడ్డించి, తన కంచం పట్టుకుని వంటింట్లోకి పోయేది. నా సంతకమే బిడ్డను చంపిందా అన్న ప్రశ్న దశరథను లోలోపల తొలిచేసింది. దవాఖానకు పోయి అడిగితే, పరిశోధన పూర్తయ్యాక తల్లిదండ్రులందరికీ చెప్తామన్నారు.

చెప్పారు. ఎలా చెప్పారో వినండి. ఆ వార్డు తల్లిదండ్రులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. వనస్థలిపురంలో ఉండే అమల పెట్టింది. ఆమెది కోస్తా, ఆమె కొడుకు గౌతమ్‌కూ అదే జబ్బు. రక్తం ఎవరిస్తారు, మందు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ అందులోనే. ఆ గ్రూపులో ఒక ఆచారం ఉంది. పిల్ల పోతే తల్లిదండ్రుల నంబర్ తీసేస్తారు. చావు కబురు మిగతావాళ్ల కంట పడితే అశుభమట. సంతోషి దినాలు కాకముందే దశరథ నంబర్ పోయింది. దవాఖాన వాళ్లు ఫలితాలు చెప్పే మీటింగ్ కబురు ఆ గ్రూపులో పెట్టి చేతులు దులుపుకున్నారు. అంత చదివిన మారాజులకు, పోయిన పిల్లలకూ అమ్మానాన్నలు ఉంటారని తోచలేదు.

ఆ ఆదివారం ఎల్బీనగర్ మెట్రో దగ్గర ఒకతను కొత్తపేట ఫంక్షన్ హాలుకని ఆటో ఎక్కాడు. దారిలో గానీ ఒకరినొకరు గుర్తుపట్టలేదు. మహేందర్. అతని కొడుకు సంతోషి పక్క మంచం మీద ఉండేవాడు, బతికాడు. ఏం ఫంక్షనని దశరథ అడిగితే, దవాఖాన వాళ్ల మీటింగ్ అక్కడేనని దాచలేక చెప్పేశాడు.

"నువ్వు గూడ రా అన్నా," అన్నాడు దిగాక. "జర ఎనక కూసో. ఎవలేమనుకుంటరో."

దశరథ వెనకే కూర్చున్నాడు. పెద్ద డాక్టర్ తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా చెప్పాడట. అందుకు మెచ్చుకోవాల్సిందే. కొత్త మందు వల్ల జబ్బు ఎక్కువేమీ నయం కాలేదు. పైగా అది తీసుకున్న పిల్లల్లో ప్రాణం మీదికొచ్చే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ఇక ఎవరికీ ఇవ్వరు.

"మీ పిల్లల వల్లే రేపటి పిల్లలకు ఈ ప్రమాదం తప్పింది," అన్నాడు డాక్టర్.

అందరూ చప్పట్లు కొట్టారు. అమల ఎందుకో వెనక్కి తిరిగి, దశరథను చూసి చప్పట్లు ఆపేసింది.

ఇంటికొచ్చాక మీటింగ్ సంగతి అండాలమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాడు. ఏమన్నరని అడిగింది.

"ఏ మందైనా ఒకటేనట. ఏదిచ్చినా గంతేనట," అన్నాడు.

"అయితే నీ సంతకంతోని కాదు," అంది.

ఆ సాయంత్రం ఆమె తన కంచం తెచ్చుకుని మొగుడికి ఎదురుగా కూర్చుంది. అతని పప్పులో నెయ్యి వేసింది. అబద్ధమాడినందుకు దశరథకు సిగ్గు కూడా వెయ్యలేదట, కడుపు నిండా తినాలనిపించిందట.

అన్నం మధ్యలో దశరథ ఫోన్‌లో వాట్సాప్ మోగింది. అతనిది ఎంగిలి చెయ్యి. ఇంకా వడ్డిస్తున్న అండాలమ్మే అందుకుంది. అమల అతన్ని మళ్లీ గ్రూపులో చేర్చింది. వాయిస్ మెసేజ్ నొక్కితే అమల గొంతు వినిపించింది.

"దశరథ గారూ, ఆ రోజు మీ నంబర్ తీసేయడం నా తప్పేనండీ. మీకూ అన్నీ తెలియాలి కదా."

ఆ కిందే డాక్టర్ మాటల వీడియో ఉంది. అండాలమ్మ దాన్ని చివరిదాకా చూసింది. ఆ తర్వాత తన కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది.