దోసకాయను మామిడికాయ అన్నవాళ్లు

నా చిన్నప్పుడు, ఆరో తరగతి పరీక్షలయ్యాక వచ్చిన వేసవిలో, ఇక బడికి పోనని మొండికేశాను. ఇంగ్లీషు పాఠం పైకి చదవమన్నప్పుడు నేను తడబడితే తరగతంతా నవ్వింది. ఆ నవ్వు పూతలపట్టులో మా గడపదాకా వెంటబడి వచ్చినట్టుండేది. నాయన రెండుమూడుసార్లు అడిగి చూసి, సరే, అమ్మకు సాయంగా ఉండు అనేశాడు. మొండికేశాను గానీ, ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఇక నిజంగానే బడి మానేయాల్సిందేనా అని లోపల భయం పట్టుకుంది.

మా వీధిలో ఊరగాయ ఎవరూ ఒంటరిగా పెట్టేవాళ్లు కాదు. రోజుకొక ఇంట్లో ఆడవాళ్లందరూ చేరేవాళ్లు. మా వంతు వచ్చిన రోజు మామిడికాయలు తుడిచే పని నాది. తుడుస్తూ తుడుస్తూ ఏడ్చేశాను. మా అవ్వకు నా ఏడుపుకన్నా, తడి తగిలితే ఊరగాయ బూజు పడుతుందన్న దిగులే ఎక్కువ.

"ఏడ్సేదుంటే ఆడ పోయి ఏడ్సు, కాయలు తడుస్తాయి" అని గుడ్డ లాక్కుంది.

కాయలు కొడుతున్న పక్కింటి అక్క అప్పుడు తిరుపతిలో ఇంగ్లీషు ఎమ్మే చదువుతుండేది. సంగతి విన్నా నన్ను ఓదార్చలేదు. కత్తి ఆపకుండా ఒక కథ ఎత్తుకుంది. మన అరవ చుట్టాలు దీన్ని మాంగా అంటారు కదా, అలాంటి మాటే ఓడలెక్కిపోయి ఇంగ్లీషువాళ్ల నోట మ్యాంగో అయిందట. పండు అంత దూరం నిలవదు కాబట్టి ఉప్పులో ఊరిన కాయే అక్కడికి చేరింది. చెట్టు మొహం చూడని జనం మ్యాంగో అంటే ఊరగాయ పేరే అనుకున్నారు. దోసకాయ ఊరవేసి మ్యాంగో అన్నారు. ఇంకోచోట లావు మిరపకాయనూ అలాగే పిలిచారు.

అవ్వ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు ఒత్తుకుని, తానే కాయల దగ్గర్నుంచి దూరంగా జరిగింది. అక్క నావైపు తిరిగింది.

"సూడు పాపా, మన మాట పట్టుకపోయి ఎన్ని తరాలు తప్పుగా వాడుకున్నారో. ఒక్కరన్నా సిగ్గుపడి మాట్లాడేది మానుకున్నారా?"

జూన్‌లో బడికి పోయాను. తరగతి నవ్వడం మానలేదు. నేనూ కలిసి నవ్వి, మిగతా వాక్యం చదివేశాను.

తర్వాత తిరుపతిలో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఊరుగాని ఊరొచ్చి బెదిరిపోయినవాళ్లతో వచ్చీరాని అరవం, కన్నడం, హిందీ మాట్లాడాను. నా తప్పులకు నొప్పిలోనూ నవ్వేవాళ్లు. ఇప్పటికీ వేసవిలో కాయలు తుడుస్తుంటే ఆ రోజే తలపుకొస్తుంది. సిగ్గుపడి నోరు మూసుకునుంటే, వాళ్లలో ఒక్కరినైనా నొప్పి ఎక్కడని అడగగలిగేదాన్ని కాదు.