మల్లేశం వస్తేనే మొదటి విస్తరి

మా సిద్దిపేట బట్టల కొట్టుకు ఏటా చలికాలంలో ఒక పెద్దావిడ వచ్చి దుబ్బాక తువ్వాల ఒకటి కొనుక్కుపోతుంది. రంగు చూస్తుంది, అంచు చూస్తుంది, వెలుతురుకు పట్టి నేత చూస్తుంది. ఒక్క తువ్వాలకు ఇంత తతంగమా అని నాకు లోపల విసుగు. ఈసారి ఉండబట్టలేక ఎవరికమ్మా అని అడిగేశాను. "మా ఊరి బంతిలో మొదటి విస్తరి ముందు కూర్చునే మనిషికి. నువ్వూ రా, చూద్దువుగాని" అంది. ఆవిడ పేరు సీతారావమ్మ. ఆవిడ కొత్తకోడలిగా ఉన్నప్పుడు, కోస్తా నుంచి లారీల్లో సామాను వేసుకొచ్చిన కొన్ని కుటుంబాలు దౌల్తాబాద్ అవతల మెట్ట చెలకల్లో కట్టుకున్న పల్లె వాళ్లది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని కోస్తోళ్ల గూడెం అంటారు. కొట్టు మా ఆయనకు అప్పగించి బయల్దేరాను.

ఏడింటికి దుబ్బాక బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. దుబ్బాకలో ఇడ్లీ తిని, ఇంకో బస్సులో దౌల్తాబాద్ చేరేసరికి పదయింది. అక్కడి నుంచి ఆటోనే దిక్కు. డ్రైవర్ యాదగిరి పోనూ రానూ, రోజంతా ఆగడానికీ కలిపి ఆరు వందలన్నాడు. ఎక్కువ కాదా అన్నాను. "గాడ పప్పుచారు తింటే నువ్వే ఇస్తవక్కా. నేను గా బంతి కోసమే బేరం ఒప్పుకుంటున్న" అన్నాడు. దారంతా పత్తి చేలు, కంది చేలు, మధ్యలో ఖాళీ చెలకలు. కంటికి అడ్డమే లేదు. ఇంత బయలులో తెలిసినవాళ్లు లేకుండా మొదటి రోజు ఎలా గడిపారో అనిపించింది.

గూడెంలో మధ్యాహ్నం పన్నెండున్నరకు విస్తళ్లు పరిచారు. గోంగూర, పప్పుచారు, పులిహోర వాసనలు కమ్ముకుంటున్నాయి. కానీ ఎవరూ కూర్చోలేదు. వీళ్లు వచ్చిన రోజు నడి ఎండాకాలమట, దగ్గర్లో చుక్క నీరు లేదట. పక్క ఊరి నుంచి కల్లు గీసే మల్లేశం వాళ్ల అమ్మ నీళ్లూ, జొన్నరవ్వతో వండిన గట్కా మోసుకొచ్చింది. అందుకే ఏటా చలికాలంలో పెట్టుకునే ఈ ఊరి బంతిలో ఆ ఇంటి మనిషి మొదటి ముద్ద తినందే ఇక్కడ ఎవరూ తినరు. ఆవిడ పోయాక కొడుకు మల్లేశం వస్తున్నాడు. ఈసారి ఒంటిగంటన్నరైనా అతని జాడ లేదు.

"కార్డు ఫోన్లో పంపాను అత్తయ్యా, చూశాడు కూడా" అంది సీతారావమ్మ కోడలు రమ. ఈ ఏడు బొట్టు పెట్టి పిలిచే పని తనకు అప్పగిస్తే, అందరికీ ఒకేసారి అలా పంపేసిందట.

పెద్దావిడ ముఖం తెల్లబోయింది. "ఆ ఇంటితో తెగితే ఈ గడ్డ మీద మనకు పుట్టిల్లు లేనట్టేనే" అంటూ లోపలికి వెళ్లి కుంకుమ భరిణె, తువ్వాల తెచ్చింది. "ఆటో తియ్యి నాయనా" అంది. నేనూ ఎక్కాను. ఆకలి సంగతి మర్చిపోయాను, అతను రాకపోతే ఎలా అన్నదే నాకూ పట్టుకుంది.

మల్లేశం వాకిట్లో మంచం మీద కూర్చుని తాడిచెట్టెక్కే మోకు సవరించుకుంటున్నాడు. అతని భార్య బాలమణి మంచినీళ్లిచ్చింది. అతను తలెత్తలేదు.

"ఏందక్కా, ఫోన్ల రాకపోతివా?"

"తప్పయింది తమ్ముడూ."

"మీరొచ్చిన్నాడు మా అవ్వ ఫోన్ల పిలిచి నీళ్లియ్యలే. కడవ నెత్తిన వెట్టుకొని, గా చెలకలన్ని దాటుకుంట నడిసొచ్చింది."

సీతారావమ్మ బాలమణికి బొట్టు పెట్టి, తువ్వాల అతని చేతిలో పెట్టి, నేల మీద చతికిలబడింది. "నువ్వు లేచేదాకా ఇక్కడే ఉంటా. నాకూ ఆకలిగానే ఉంది." నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను తువ్వాల అంచు తడిమి చూసి, భార్య మీద విరుచుకుపడ్డాడు. "ముసలామె కింద కూసుంటే చూస్తున్నవేందే? లేపు. నా అంగి ఏది?"

రెండున్నరకు మల్లేశం మొదటి ముద్ద తిని, పప్పులో ఉప్పు తక్కువుందన్నాడు. "ఏటా గదే అంటడు" అని యాదగిరి నా చెవిలో చెప్పాడు. రమ ఉప్పు గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చి, అతని పక్కనే నిలబడి కొసరి కొసరి వడ్డించింది. అంత రుచైన గోంగూర నేనెక్కడా తినలేదు. యాదగిరికి ఆరు వందలూ మారు మాట్లాడకుండా ఇచ్చేశాను.

తిరుగు బస్సులో నా మనసు మనసులో లేదు. దుబ్బాకలో మా ఆయన అక్క ఉంది. పోయినేడు మా అమ్మాయి ఓణీల వేడుకకు ఆవిడకూ కార్డు ఫోన్లోనే పంపాను. రాలేదు. ఆవిడకు పొగరని ఏడాదిగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో చెబుతున్నాను. వచ్చే నెల మా గృహప్రవేశం, ఆ కార్డూ అలాగే పంపేదాన్ని. దుబ్బాకలో దిగి, బస్టాండు పక్కన కుంకుమ పొట్లం, పూలు కొని వదిన ఇంటి తలుపు కొట్టాను. గృహప్రవేశానికి పిలవడానికొచ్చానని చెప్పి కుంకుమ పొట్లం విప్పాను. ఆవిడ నుదురు ముందుకు పెట్టింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: తిరుగు ప్రయాణంలో దుబ్బాకలో తొందరపడకండి, పొద్దుగూకాక కూడా సిద్దిపేటకు బస్సులుంటాయి. నేను రెండు బస్సులు వదిలేశాను, అన్నం తినందే వదిన కదలనివ్వలేదు.