శిక్ష మధ్యలో వెళ్ళిపోయిన పెద్దక్క

మా బడి పెద్దక్క ఆ బుధవారం పొద్దున మహబూబ్‌నగర్ దవాఖానలో కన్నుమూసింది. గుండెపోటు అన్నారు. అప్పటికి పిల్లలు ఆమెకు వేసిన శిక్ష ఇంకా ఒక రోజు మిగిలి ఉంది.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన రాస్తే చదివేవాళ్ళకు ఏమనిపిస్తుందో నాకు తెలుసు. ఊళ్ళోవాళ్ళకూ అదే అనిపించింది. హోటల్ దగ్గర ఎవరో "పోరగాండ్లు బయట కూసోబెట్టిన్రు, ముసలి పాణం ఓర్చుకోలే" అన్నారట. డాక్టరు చెప్పింది వేరు. జబ్బు పాతదట, ఏళ్ళ తరబడి మాత్రలు వాడుతోందట, ఇంట్లో మంచం మీద పడుకుని ఉన్నా అదే జరిగేదట. కానీ డాక్టరు మాట మహబూబ్‌నగర్‌లోనే ఆగిపోయింది. హోటల్ మాట సాయంత్రానికల్లా బడి దాకా వచ్చింది, పిల్లల చెవిన పడింది.

మాది మక్తల్ దాటి కొంత దూరం పోయాక బస్సు దిగి నడవాల్సిన చిన్న బడి. రెండు గదులు, ముందు రేకుల వరండా. బెత్తం లేదు, గంట లేదు, తరగతులు కూడా లేవు. ఆరేళ్ళ పిల్లలూ పన్నెండేళ్ళ పిల్లలూ ఒకే చాప మీద కూర్చుంటారు. తల్లిదండ్రులు చాలామంది కూలికి పోయేవాళ్ళు, కొందరికి ఎకరమో అరెకరమో చెలక ఉంది. టీచర్లం ఇద్దరమే. ఆమె పెద్దక్క, నేను చిన్నక్క. మేడం అని ఎవరైనా పిలిస్తే పెద్దక్క పలికేది కాదు. వెనక్కి తిరిగి ఇంకెవరినో పిలుస్తున్నారన్నట్టు చూసేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, బి.ఇడి. పట్టా చేతిలో పట్టుకుని నేను ఇక్కడ చేరాను. మొదటి రోజే, నేను చెబుతుంటే కిటికీలోంచి మేకలను చూస్తున్న ఒక పిల్లవాణ్ణి గట్టిగా గద్దించాను. పెద్దక్క నన్ను వరండాలోకి పిలిచింది. "పెద్దరికం ఇంటికాడ పెట్టి రా బిడ్డా. మనకు రెండే అర్రలున్నయి, దానికి జాగా లేదు" అంది. అది తిట్టో, వేళాకోళమో నాకు తెలియలేదు. ఆమె మాటలు చాలావరకు అంతే. విన్నప్పుడు తల ఊపేదాన్ని, ఇంటికి పోయాక తల పట్టుకునేదాన్ని.

కొంగు చివర ముడిలో సుద్దముక్కలు కట్టుకునేది. మధ్యాహ్నానికి ఆ ముడి ఊడి, కూర్చున్న చోటల్లా తెల్లటి మరకలు పడేవి. జొన్నరొట్టెలోకి పచ్చి ఉల్లిగడ్డ లేకపోతే ముద్ద దిగేది కాదు. పిల్లలు ఏదైనా అడిగితే టపీమని జవాబు చెప్పడం నేను చూడలేదు. చంద్రుడు పగటిపూట ఎందుకు కనపడతాడని ఒకసారి అడిగారు. "నాకు సమజైతలేదు, రేపు చూద్దాం" అంది. అది ఆమె ఎత్తుగడ అని చాలాకాలం అనుకున్నాను. నిజంగానే తెలియదేమోనని తర్వాత అనుమానం వచ్చింది. ఏది నిజమో ఇప్పుడిక అడిగే వీలు లేదు.

శనివారం మధ్యాహ్నం మా బడిలో పంచాయతి ఉంటుంది. ఎవరి మీద ఎవరైనా ఫిర్యాదు చెప్పుకోవచ్చు. వారానికి ఒక పిల్లో పిల్లవాడో పెద్దమనిషిగా కూర్చుంటారు. చెప్పేవాళ్ళు చెప్పాలి, మాట పడ్డవాళ్ళు జవాబివ్వాలి, వాళ్ళు రాకపోతే వాళ్ళ తరఫున ఇంకొకరు మాట్లాడాలి. ఆ తర్వాత చేతులెత్తుతారు. టీచర్లకూ ఒక్క చెయ్యే. ఈ పంచాయతి పెద్దక్క మొదలుపెట్టిందే. సోమవారాలు ఆమె బస్సు ఆలస్యమయ్యేది, శనివారం తన మీద తానే ఫిర్యాదు చెప్పుకునేది. చివరికి పిల్లలకే విసుగొచ్చి, నీ బస్సు ముచ్చట వద్దు అక్కా, ఇంకేదన్నా ఉంటే చెప్పు అనేవాళ్ళు.

ఒకసారి నాకూ శిక్ష పడింది. ఒక పిల్లను మొద్దు అన్నందుకు బడి ముందర రాళ్ళు ఏరమన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది పెద్దక్కే. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను రాళ్ళు ఏరుతుంటే వచ్చి పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. మక్తల్ అంగట్లో ఉల్లిగడ్డ ధర ఎట్లా పెరిగిందో చెప్పుకుంటూ పోయింది. నాకు నవ్వొచ్చింది, కోపమూ పోలేదు.

ఆమెకు పడిన చివరి శిక్ష సంగతి చెప్పాలంటే అనిత గురించి చెప్పాలి. అనితకు పదకొండేళ్ళు. మా దిక్కు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పని ఉంటుంది. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అంటించాలి. సన్నటి వేళ్ళు కావాలని ఆడపిల్లలను పిలుస్తారు. పూత ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే చేనుకు పోవాలి, బడి సంగతి మరిచిపోవాలి. ఈ ఏడు తనను పంపడానికి అమ్మ ఒప్పుకుందని అనిత పెద్దక్క చెవిలో చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది.

పెద్దక్క చిన్నతనమంతా మట్టి పనుల దగ్గరే గడిచింది. తల్లి తట్టలు మోస్తుంటే ఈమె కట్ట మీద కూర్చుని తమ్ముణ్ణి ఎత్తుకునేదట. చదువు ఎంత ఆలస్యంగా అందిందో ఎప్పుడైనా చెప్పేది, ఎక్కువ చెప్పేది కాదు. అనిత మాట విన్న సాయంత్రం బస్సు వదిలేసి నేరుగా వాళ్ళ ఇంటికి పోయింది. ఆ తల్లితో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మొత్తానికి తల్లి మెత్తబడింది, పిల్లను పంపనని మాటిచ్చింది. ఇంటి ముచ్చట బడిలో చెబుతావా అని ఆ రాత్రే అనితను కొట్టింది. మరునాడు పిల్ల వాచిన చెంపతో బడికి వచ్చింది. బడికైతే వచ్చింది.

శనివారం అనిత లేచి నిలబడింది. "పెద్దక్కకు ఒక ముచ్చట చెప్పిన. ఎవ్వరికి చెప్పొద్దన్న. చెప్పింది" అని కూర్చుంది. దెబ్బల మాట ఎత్తలేదు. పెద్దక్క చేతులు కట్టుకుని లేచింది. "చెప్పిన. తప్పే" అంది, అంతే. నేను ఊరుకోలేకపోయాను. పెద్దక్క పోయి చెప్పబట్టే కదా అనిత ఇవ్వాళ ఈ చాప మీద ఉంది, లేకపోతే పత్తి చేనులో ఉండేది కాదా అని వాదించాను. ఆ వారం పెద్దమనిషి శివ అనే పిల్లవాడు. అది వేరే ముచ్చట చిన్నక్కా అన్నాడు. మూడు రోజులు పెద్దక్క లోపలికి రావద్దని తేలింది. ఎత్తిన చేతుల్లో ఆమె చెయ్యి కూడా ఉంది. నా చెయ్యి లేదు.

సోమవారం వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. చిన్నపిల్లలు పలకలు పట్టుకుని బయటికి పరుగెత్తితే, శిక్షలో ఉన్నాను, చూడకూడదని మొహం తిప్పుకునేది. వాళ్ళు అటు తిరిగితే ఇటు తిప్పుకునేది. వాళ్ళకు అదో ఆటయింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఉండబట్టలేక అడిగాను. నిజంగా తప్పనుకుంటున్నావా, లేక పిల్లల కోసం కూర్చున్నావా అని. ఆమె ఉల్లిగడ్డ కొరికి, నమిలి, నిదానంగా చెప్పింది.

"తప్పే. మల్ల గట్లనే అయితే మల్ల పోయి చెప్త. గదీ తప్పే."

ఈ మాట ఎన్నిసార్లు తిరగేసి చూసినా నాకు అంతు చిక్కడం లేదు. చేయాల్సిన పనే అయితే తప్పెట్లా అవుతుంది? తప్పే అయితే మళ్ళీ ఎందుకు చేయడం? ఇంకొక్క మాట అడిగి ఉంటే విడమరిచి చెప్పేదేమో. నాకు సమజైతలేదు, రేపు చూద్దాం అనేదేమో కూడా.

మంగళవారం ఎండ దంచికొట్టింది. వానలు పోయాక మా దిక్కు కాసే ఎండ వేసవిని మించి ఉంటుంది. వరండాలో రేకులు కాలిపోతున్నాయి. లోపలికి రా అక్కా, పిల్లలు ఏమీ అనుకోరు అన్నాను. రానంది. అనిత చెంబుతో నీళ్ళు తీసుకుని పోయింది. పెద్దక్క తాగింది, చెంబు తిరిగి ఇచ్చింది. సాయంత్రం ఎప్పటిలాగే బస్సెక్కింది. ఇంటికి చేరాక నొప్పి మొదలైందట.

ఆ తర్వాత బడి మారిపోయింది. నేను గదిలోకి రాగానే పిల్లలు లేచి నిలబడుతున్నారు. నేర్పింది ఎవరో నాకు తెలియదు. చెప్పులు వరుసగా విడుస్తున్నారు. ఎవరి పలక ఎవరు లాక్కున్నా నోరెత్తడం లేదు. అనిత మూలకు జరిగి కూర్చుంటోంది, పిలిస్తే వస్తుంది, అడిగితే తల ఊపుతుంది. మీ వల్ల కాదు, ఆమెకు జబ్బు ఉండింది అని నేను ఎన్ని తీర్ల చెప్పినా అందరూ తలలే ఊపుతున్నారు. మొదటి శనివారం పంచాయతిలో ఎవరూ చెయ్యెత్తలేదు. రెండో శనివారమూ అంతే. పిల్లను దింపడానికి వచ్చిన ఒక తండ్రి లోపలికి తొంగి చూసి సంతోషపడ్డాడు. ఇప్పుడు బడి బడి లెక్కనే ఉందన్నాడు. ఆ మెప్పు నాకు వద్దనిపించింది. మళ్ళీ ఒక మధ్యాహ్నం ఆ నిశ్శబ్దంలో నాలుగు లెక్కలు సాఫీగా చెప్పగలిగి, ఎంత హాయిగా ఉంది అనుకున్నాను. ఆ వెంటనే నా మీద నాకే చిరాకేసింది.

పిల్లల చేతికి తీర్పు ఇవ్వడం సరైనదేనా? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నాకు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా పెద్దక్క ఎదురుగా ఉండేది, ఆమె మొహం చూసి నమ్మేసేదాన్ని. నా నమ్మకంలో ఆమె వంతు ఎంతో, నా సొంతం ఎంతో ఇప్పుడు తెలుస్తోంది. సొంతం కొంచెమే. పదకొండేళ్ళ పిల్ల ఒక చావును మోస్తోంది. దించుకునే దారి నాకు తెలియదు. అందుకే మొన్న శనివారం, ఇక ఈ పంచాయతి ఆపేద్దాం పిల్లలూ అని చెప్పాలని నిశ్చయించుకునే చాప మీద కూర్చున్నాను. నోరు తెరవబోతుంటే అనిత చెయ్యెత్తింది.

"నాది పెద్దక్క మీద ఫిర్యాదు" అంది.

పిల్లలందరూ నా వైపు చూశారు. పంచాయతి నడవక వంతు మారలేదు గనక ఆ వారం కూడా పెద్దమనిషి శివే. చెప్పమన్నాడు.

"ఆమెకు గుండె బాగలేదు. మాత్రలు మింగుతదంట. మనల ఎవ్వరికి చెప్పలే. నేను నీళ్ళిచ్చిననాడు గూడ చెప్పలే. చెప్తే లోపలికి పిలుస్తుంటిమి గద. మన ముచ్చట పోయి చెప్పింది. ఆమె ముచ్చట మాత్రం దాసుకుంది."

రానివాళ్ళ తరఫున ఎవరు మాట్లాడతారని శివ అడిగాడు. ఎవరూ లేవలేదు. నేను లేచాను. పెద్దక్కలా చేతులు కట్టుకున్నాను. ఆమె ఎవరినీ బాధపెట్టొద్దనుకుంది, జాలి ఆమెకు పడదు, మీ శిక్షను జబ్బు పేరు చెప్పి తప్పించుకోవడం ఇష్టం లేకపోయిందేమో, ఇట్లా చెబుదామని లేచాను. ఒక్క మాట రాలేదు. ఇన్నేళ్ళు ఒకే చెంబులో నీళ్ళు తాగాం, నాకూ చెప్పలేదు. ఏడుపు వస్తోంది అనుకున్నాను గానీ వచ్చింది కోపం. ఎందుకు చెప్పలేదక్కా అని గట్టిగా అరవాలనిపించింది. ఆమె మీద నాకు ఇంత కోపం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

శివ ఎదురుచూసి, "చిన్నక్కా, నువ్వు పెద్దక్క దిక్కా, అనిత దిక్కా?" అని అడిగాడు.

నాకు తెలియడం లేదన్నాను.

"అయితే కూసో. సమజైనంక చెప్పు."

కూర్చున్నాను. అప్పుడు ఎవరో ఒక పిల్ల, దాచుకోవడం పెద్దక్క ఇష్టం, అది తప్పు కాదంది. ఇంకొకడు తప్పే అన్నాడు. పెద్దోళ్ళు దాచుకుంటే ఒప్పు, మనం దాచుకుంటే తప్పా అని వెనక నుంచి ఒక గొంతు లేచింది. నువ్వు ఆగు, నేను ముందు అన్న అంటూ ఇద్దరు తోసుకున్నారు. అందరికంటే చిన్నది తన మాట ఎవరూ వినడం లేదని చాప మీద లేచి గెంతుతోంది. శివ ఊకోండ్రి ఊకోండ్రి అని అరుస్తున్నాడు, వినేవాళ్ళు లేరు. అనిత రెండు కళ్ళ నుంచీ నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండానే, మూడు దిక్కులా తిరిగి ముగ్గురితో పోట్లాడుతోంది.

నేను చెయ్యెత్తి పట్టుకుని నా వంతు కోసం చూస్తున్నాను.