సీసా మాత్రమే సిల్వానర్

నా పేరు రోస్‌విటా. కళ్లజోళ్ల దుకాణంలో పని. పుట్టింది జర్మనీలోని ఫ్రాంకోనియాలో, మెట్టింది మోజెల్ నది ఒడ్డున. మా పుట్టింటివైపు సిల్వానర్ ద్రాక్ష, బొద్దుగా ఉండే పొట్టి వైన్ సీసాలు. ఇక్కడ ఎటు చూసినా రీస్లింగ్ ద్రాక్ష, సన్నగా పొడుగ్గా ఉండే సీసాలు. పెళ్లయి పదకొండేళ్లయినా నేను మాత్రం ఆ బొద్దు సీసాల పక్షమే. ఆకారంలో కూడా అంతేనంటాడు మా ఆయన ఎకార్ట్.

నెలకో ఆదివారం మా ఆడపడుచు హెడ్విగ్ ఇంటి పెరట్లో వైన్ అంటే పడిచచ్చేవాళ్లం కొందరం చేరతాం. ఎవరికి నచ్చిన రకం వాళ్లు తెచ్చి మిగతావాళ్లకు రుచి చూపించాలి. అందరూ రీస్లింగే తెస్తారు. నేను సిల్వానర్ తెస్తాను, దానితోపాటు ఉపన్యాసం కూడా. మర్యాదకు ఒక గ్లాసు తాగి, నా మాటలు అయ్యేదాకా నదివైపు చూస్తూ కూర్చుంటారు.

పోయిన మే నెలలో, ఉడికించి వైన్‌తో నంజుకునే తెల్ల ఆస్పరాగస్ కాడలు బాగా దొరికే రోజుల్లో, నా సీసాను చల్లబడడానికని శుక్రవారమే హెడ్విగ్ ఇంటి నేలమాళిగలో పెట్టివచ్చాను. ఆదివారం ఆమె తనే మూత తిప్పి అందరికీ పోసింది. అంత మర్యాద చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. నేను లేచి నిలబడ్డాను.

"మీ రీస్లింగ్ నాలుకను గిల్లుతుంది. ఇది చూడండి, వీపు నిమిరినట్టుంటుంది. వాన పడ్డాక మా నాన్న బూట్లకు అంటుకున్న మట్టి వాసన తెలుస్తోందా?"

పక్కింటి పెద్దాయన విన్‌ఫ్రీడ్‌కు పొలమారింది. మా ఆయన ఒకే కాడను అదే పనిగా ముక్కలు కోస్తున్నాడు. నా మాటలు వాళ్ల మనసుకు తగిలాయనుకున్నాను. కళ్లు చెమర్చాయి కూడా, నావి.

"ఇంకో గ్లాసు పొయ్యవా వదినా."

హెడ్విగ్ పోస్తూ పోస్తూ ఆగింది. "కోప్పడనంటే ఒకటి చెప్తానే. నీ సీసా నిన్ననే అయిపోయింది. కాడలు ఎలా ఉడికాయో చూద్దామని నేనూ తమ్ముడూ కూర్చున్నాం. ఒక్క గుక్క తాగుదామనుకున్నాం. అది ఆగనివ్వలేదు. నీ నోటికి భయపడి అందులో రీస్లింగ్ పోసి మూత పెట్టాం."

మా ఆయనవైపు చూశాను. "రెండో గ్లాసుకే ఆపమన్నాను," అన్నాడు, "అక్క వినలేదు."

"అబద్ధాలాడకురా. ఆఖరి చుక్క కోసం సీసా తలకిందులు చేసిందెవరు?"

"అయితే మీ నాన్న బూట్లు మోజెల్ దాకా నడిచొచ్చాయన్నమాట, అమ్మాయ్," అన్నాడు విన్‌ఫ్రీడ్. ఆ తర్వాత బల్ల చుట్టూ నవ్వు ఆగలేదు.

వాళ్లు సిల్వానర్‌ను మెచ్చి సీసా ఖాళీ చేశారంటే నేను గెలిచినట్టే. కానీ ఆ కబురు అందేసరికి నేను రీస్లింగ్ తాగి కన్నీళ్లు పెట్టుకుని ఉన్నాను. రోజంతా ఊరివాళ్ల చూపు సరిచేసే మనిషిని.

గ్లాసులో మిగిలింది తాగాను. నిజం చెప్పొద్దూ, బాగుంది.

"ఏ తోటది?" అన్నాను గొంతు తగ్గించి.

"మీ ఇంటి వెనకదేనే. నువ్వు రోజూ బట్టలారేస్తావే, ఆ గోడకి పైనున్న కొండవాలుది."

గ్లాసు మళ్లీ ముందుకు జరిపాను. వచ్చే నెల రెండు సిల్వానర్ సీసాలు తెమ్మంది హెడ్విగ్, ఒకటి బల్లకు, ఒకటి తనకు. ఉపన్యాసం మాత్రం వద్దంది.