పడేదాని బరువు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వచ్చిందంటే పూర్తిగా వచ్చిందని కాదు, సగం దారి వచ్చి అక్కడే కూలబడింది. గుడివాడ మిషన్ స్కూల్లో అయిదో తరగతి. మందు సీసా మీదైనా, లారీ వెనకైనా అక్షరాలు కనబడితే చాలు, పైకి చదివేసేదాన్ని. అర్థం అడిగితే మాత్రం నాకు వెంటనే దాహమేసేది.

మా నాన్నది కమ్మరం. బళ్ళ ఇరుసులు, నాగలి కర్రులు, కాలవ పడవలకు మేకులు, అన్నీ చేతి సమ్మెటతోనే చేసేవాడు. భుజం పట్టేసి ఇక సమ్మెట ఎత్తలేని రోజొచ్చాక, బందరులో మూతపడిన ఓ కార్ఖానా నుంచి పాత పవర్ హ్యామర్ కొన్నాడు. ఆయిల్ ఇంజను బెల్టు తగిలిస్తే, ఇనప దిమ్మ ఒకటి లేస్తూ పడుతూ ఎర్రగా కాలిన ఇనుముని సాగగొట్టే మిషనది. పేరూ వివరాలూ ఉండే బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. దాని సైజేమిటో అమ్మినవాడికే తెలియదు.

సైజు తెలియాలి, ఎందుకంటే దాన్నిబట్టే పునాది. మాది నల్లరేగడి నేల, నిలువెత్తు తవ్వకముందే నీళ్ళు ఊరతాయి. సుత్తి చిన్నదైతే కాస్త గొయ్యి తీసి గోడవారన పెట్టుకోవచ్చు. పెద్దదైతే లోతుగా తవ్వాలి, నీళ్ళు తోడాలి, గోడలకు దూరంగా జరపాలి. మిషను పక్కన, పోతలోనే వచ్చిన ఇంగ్లీషు అక్షరాలేవో తుప్పులోంచి కనబడుతుంటే నాన్న నన్ను పిలిచాడు. నేను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, గొంతు సవరించుకుని, "బి, వంద" అని చదివాను. హ్యామర్లు వంద పౌన్లవీ, రెండొందల పౌన్లవీ ఉంటాయని నాన్న ఎక్కడో విని ఉన్నాడు.

"వంద పౌన్లేనా అమ్మా?"

అక్కడ పౌన్లని ఎక్కడా లేదు. అయినా అవునన్నాను. తవ్వేవాళ్ళతో సహా అందరికీ కావలసిన జవాబు అదే. గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి పక్కింటి అక్క అంతా చూస్తోంది. "మా దొరసాని చదివిందంటే ఇక తిరుగులేదు బాబాయ్" అని నవ్వింది. భర్త పోయాక జాకెట్లు కుట్టుకుంటూ ఒంటరిగా బతుకుతున్న మనిషి. అమ్మ లేని నాకు రోజూ పొద్దున్నే జడ వేసి బడికి పంపేది ఆవిడే. మా షెడ్డుకీ ఆమె వసారాకీ మధ్య ఉన్నది ఆ ఒక్క మట్టిగోడ. అవతల కుట్టుమిషను, ఇవతల మా హ్యామరు.

కాస్త గొయ్యి తీసి గోడవారన దింపిన హ్యామరు తొమ్మిది రోజులు పని చేసింది. మొదట్లో అక్క వేళాకోళమాడేది, మీ సుత్తి దెబ్బకి నా మిషను తొక్కకుండానే కుట్టేస్తోందని. తరవాత గోడ బీటలిస్తోందని చెప్పింది. ఆదివారం మట్టి మెత్తిస్తానన్నాడు నాన్న. ఆ శుక్రవారం ముసురు పట్టింది. నేను బడి నుంచి వచ్చేసరికి గోడ లేదు. నలుగురు మగాళ్ళు మట్టిపెళ్ళలు లాగుతున్నారు, కుట్టుమిషను చక్రం ఒకటి పైకి కనబడుతోంది. అక్కని బండిలో వేసుకుని బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి ఉందిగాని, అందులో పట్టు లేదు. సూది పట్టుకునే వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు.

రైల్వే వర్క్‌షాపులో హ్యామర్ల మీద పనిచేసి రిటైరైన ఒకాయన పామర్రులో ఉండేవాడు. అందరూ మావయ్య అనేవారు. కబురందుకుని వచ్చాడు. నేను చదివిన అక్షరాల వంక ఒక్కసారి చూసి వదిలేశాడు. ఇనప దిమ్మని పైనున్న స్ప్రింగు నుంచి విడదీయించి, దాని కింద తాటిదూలం కొన దూర్చి, దూలం సరిగ్గా మధ్యలో రాయి పెట్టించాడు. రెండో కొసకి డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తా కట్టించాడు. వంద పౌన్లదైతే ముప్పావు బస్తాకే లేవాలన్నాడు. నిండు బస్తాకి కదల్లేదు. రెండోది కట్టాక, మూలుగుతూ లేచింది.

"మూడొందల పైమాటే బావా. ఆ అంకె అచ్చు నంబరు, పోతపోసినవాళ్ళు గుర్తు కోసం వేసుకున్నది. దీని సైజంటే మిషను ఎత్తూ కాదు, ఒంటిమీద రాతా కాదు. కిందకి పడే ముక్క బరువు."

నేను బస్తాల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

అక్క ఆసుపత్రి నుంచి వచ్చాక వీధి పెద్దలు మా షెడ్డులోనే కూర్చున్నారు. చేతికి కట్టుతో అక్క కూడా వచ్చింది. అంతటి మిషనుని గోడవారన ఎలా పెట్టావని అడిగారు. వంద పౌన్లదనుకున్నానన్నాడు నాన్న. ఎవరు చెప్పారన్నారు.

"దాని మీదున్నది నేనే చదివానండీ" అన్నాడు నాన్న.

మా నాన్న వేలిముద్ర మనిషని ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. వెనకనుంచి ఎవరో, "నీకు ఇంగ్లీషెప్పుడొచ్చిందయ్యా" అన్నారు. అప్పుడు వాళ్ళలో పెద్దాయన అక్కవైపు తిరిగి, నువ్వు కిటికీలోంచి చూశావట కదమ్మా, ఎవరు చదివారని అడిగాడు. అక్క నావంక చూసింది. ఎంతసేపు చూసిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

"బాబాయే చదివాడండీ" అంది.

నోరు తెరవాల్సిన చోట నేను తెరవలేదు. దొరికిన ప్రతి అక్షరాన్నీ పైకి చదివే పిల్లకి ఆ రోజు ఒక్క మాట పైకి రాలేదు.

నాన్న ఇటుకలతో గోడ కట్టించాడు. హ్యామరుని పాత ఇనుము కింద అమ్మేసి, పట్టేసిన భుజంతోనే మళ్ళీ సమ్మెట ఎత్తాడు. వారం తిరక్కుండా కార్డు ముక్క ఒకటొస్తే, ఎప్పటిలాగే చదవమని నన్నే పిలిచాడు. అక్క కూడా ఎప్పటిలాగే పిలిచింది. తను నోటితో చెబుతుంటే, బడయ్యాక ఆ మిషను మీద నేను కుట్టేదాన్ని. నా వంకర కుట్లు వేసుకుని తిరిగిన గుడివాడ ఆడవాళ్ళ ఓర్పుకి దణ్ణం పెట్టాలి. ఇద్దరిలో ఎవరూ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి తిట్టినా నాకు తేలికయ్యేది.

అంకె చదవడం వేరు, అది దేనిదో తెలియడం వేరు. ఇవాళ్టికీ ఎవరైనా మందు చీటీయో కరెంటు కాగితమో తెచ్చి చదవమంటే, కళ్ళజోడు పెట్టుకుని ముందు నాకు తెలియదంటాను. పెద్దావిడకి మతి తప్పిందనుకుంటారు పిల్లలు, అనుకోనిస్తాను. నాన్న పోయాడు, ఆ తరవాత కొన్నేళ్ళకి అక్కా పోయింది. ఇద్దరి దగ్గరా చివరిదాకా కూర్చున్నాను, తప్పు నాదని చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివింది నేను.